ఎండకు తెల్లబడిన మడ్‌గార్డు: నూనె పూస్తే మెరుపే, పొర తీస్తేనే రంగు



పైన వీడియోలో కనిపించే ఎర్ర మడ్‌గార్డు నా పాత బండిది. దాన్ని విప్పి, కడిగి, గీకి, మళ్లీ రంగు తెచ్చేదాకా మొత్తం చూపించాను. వీడియోలో చేతులు చేసే పని కనపడుతుంది గానీ, ఎందుకు చేస్తున్నామో చెప్పే టైం దొరకదు. ఆ కారణాలు ఇక్కడ రాస్తున్నా. "ప్రకృతి వ్యవసాయం చెప్పేవాడికి బండి రిపేరు ఎందుకప్పా?" అనుకోవద్దు. చివరిదాకా చదవండి, ఇది మన మట్టి దగ్గరికే వస్తుంది.

నేను చేసిన తప్పు

బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఎత్తుగా ఉండే ఆఫ్‌రోడ్ రకం. మన దేశంలో ఈ రకం బండ్లు తక్కువ. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చింది. బయటి దేశాల్లో రైతులు నాలుగు చక్రాల ఏటీవీలతో చేసే పని మన కోడుమూరు దిక్కు మోటార్ సైకిళ్లు, మోపెడ్లు, ట్రాక్టర్లే చేస్తాయి. నల్లరేగడిలో, గట్ల మీద, కంపచెట్ల మధ్య తిరుగుతాయి. పగలంతా పొలంలో ఎండకే నిలబడతాయి.

కొన్నప్పుడే మడ్‌గార్డు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది. నేను సులువు దారి పట్టినా. బట్టకు శనగనూనె అద్ది తుడిచినా. కొత్తదాని మాదిరి మెరిసింది. వారం తిరిగేసరికి దుమ్మంతా అంటుకొని జిడ్డు పట్టింది. మళ్లీ తుడిచి మళ్లీ పూసినా. అట్లా ఒక ఎండాకాలం నడిపినా.

ఒకరోజు జీవామృతం క్యాన్లు కట్టుకొని బండిబాటలో పోతుంటే మడ్‌గార్డు బోల్టుల దగ్గర సగానికి విరిగి చక్రం మీద పడింది. మెల్లగా పోతున్నా కాబట్టి పడిపోయినా మోకాలు గీసుకోవడంతో సరిపోయింది. క్యాన్లు పగిలి జీవామృతం బాట పాలైంది. విరిగిన చోట చూస్తే పగులు పాతదే. నూనె మెరుపు కింద అది నాకు కనపడలేదు. ఆ ముక్కను పారేసి, పాత సామాన్ల అంగట్లో అలాంటిదే తెల్లబడిన ఎర్ర మడ్‌గార్డు తెచ్చుకొని, ఈసారి పద్ధతిగా చేసినా. వీడియోలో ఉండేది అదే.

తెల్లబడటం అంటే ఏంది?

రంగు వెలిసిపోయింది అంటాం గానీ, చాలాసార్లు లోపల రంగు అట్లాగే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడుగాటి గొలుసుల్లాంటి అణువులను తెంపుతాయి. గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. పై పొర పెళుసై, కంటికి కనపడనంత సన్నగా పగుళ్లు పడతాయి. వెలుగు ఆ పగుళ్లలో చెదిరిపోయి మనకు తెల్లగా కనపడుతుంది. నూనె పూస్తే ఆ పగుళ్లు నిండి వెలుగు చెదరడం ఆగుతుంది, రంగు వచ్చినట్టు ఉంటుంది. నూనె పోగానే మళ్లీ తెలుపే. పొర మాత్రం బాగుపడలేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది ఆచ్ఛాదన లేని నేల మాదిరి. కప్పు లేకపోతే పైమట్టి ముందు చస్తుంది. డ్రిప్ పైపులు నల్లగా ఎందుకు ఉంటాయో ఆలోచించినారా? వాటిలో రెండు శాతం పైచిలుకు కార్బన్ బ్లాక్, అంటే మసి లాంటి పొడి కలుపుతారు. అది ఎండను తన మీద వేసుకుంటుంది, పైపు బతుకుతుంది.

ముందు మూడు పరీక్షలు

మొదటిది, పెయింటా, పోత రంగా? మడ్‌గార్డు తిప్పి అడుగు భాగం చూడండి. లోతు గీత అడుగున, లోపలి వైపున అదే రంగు ఉంటే ప్లాస్టిక్‌లోనే రంగు కలిపి పోసినట్టు. గీత అడుగున వేరే రంగు కనపడితే పైన పెయింట్ ఉన్నట్టు. పెయింట్ ఉన్నదాన్ని గీకొద్దు, అది పెయింటర్ పని.

రెండోది, ఏ ప్లాస్టిక్? అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో పీపీ అనో ఏబీఎస్ అనో అచ్చు ఉంటుంది. లేకపోతే అడుగు అంచున చాకుతో చిన్న చెక్కు తీసి, రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే రెండింటికీ వైద్యం వేరు.

మూడోది, ప్రాణం ఉందా? అంచును మెల్లగా వంచండి. వంగి వెనక్కి వస్తే పని చేయొచ్చు. టక్‌మని చిట్లినా, వంచిన చోట పగుళ్లు నోరు తెరిచినా లోపలిదాకా పోయినట్టే. దాన్ని మెరిపించి బిగించుకోవద్దు. నాకైన గతి మీకు వద్దు. బోల్టు రంధ్రాల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడల్ల.

పని చేసే వరస

మడ్‌గార్డును బండి నుంచి పూర్తిగా విప్పండి. పెట్రోల్ ట్యాంకు పక్కన వేడి పని చేయకూడదు. కుంకుడు రసమో సబ్బునీళ్లో పోసి బ్రష్‌తో రుద్ది, పాత నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెట్టండి.

గీతల మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తగలకపోతే వాటర్ పేపర్‌తోనే పోతుంది. గోరు పట్టుకుంటే, గీత అంచున లేచిన పీచును బ్లేడు నిలువుగా పట్టుకొని మెల్లగా లాగి చదును చేయండి. బాగా లోతు గీతలను పూర్తిగా తీయాలని చూడొద్దు, అక్కడ పలచబడి విరుగుతుంది. కంపముల్లు గీసిన గీత రెండు మిగిలితే ఏమీ కాదు.

తర్వాత నీళ్లు పెడుతూ వాటర్ పేపర్: 240, 400, 600, చివరికి 1000 నంబరు. మొదటి పేపరుకే తెల్ల పొర పాల మాదిరి దిగుతుంది. అది పోయి లోపలి రంగు సమంగా కనపడేదాకా రుద్దల్ల. తర్వాతి పేపర్లు ముందు పేపరు గీతలను తీయడానికే. ఓపిక లేక మధ్యలో నంబరు దాటేస్తే గీతలు మిగిలిపోతాయి.

పీపీ అయితే రుద్దిన తర్వాత మసకగా, సన్న నూగు ఉన్నట్టు ఉంటుంది. ఇప్పుడు హీట్ గన్. అర అడుగు దూరంలో పెట్టి, ఒకచోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ పోవల్ల. నూగు కరిగి రంగు ఒక్కసారిగా ముదురుతుంది. ఆ క్షణమే ముందుకు జరగండి. పీపీ 160 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, గన్ నుంచి వచ్చే గాలి దానికంటే ఎంతో వేడి. నేను అంచు దగ్గర ఒక్క ఘడియ ఎక్కువ ఆపితే వంకర తిరిగింది, వీడియోలో ఆ వంకర కూడా కనపడుతుంది. గ్యాస్ మంట అసలు వద్దు.

రుద్దకుండా నేరుగా హీట్ గన్ పెట్టినా రంగు వస్తుంది. చాలామంది అదే చూపిస్తారు. కానీ చచ్చిన పొరనే కరిగించి మళ్లీ అతికిస్తున్నాం. త్వరగా తెల్లబడుతుంది.

ఏబీఎస్ అయితే వేడి పెట్టొద్దు, 100 డిగ్రీలకే మెత్తబడుతుంది. 1500, 2000 నంబరు పేపర్లు కూడా వాడి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తటి బట్ట పెట్టి మెరుగు పెట్టండి. పైన ఎండకు తట్టుకునే క్లియర్ కోట్ కొట్టించుకోవచ్చు. పీపీ మీద మామూలు పెయింట్ గానీ క్లియర్ కోట్ గానీ నిలవదు, పొలుసులు లేస్తుంది. దానికి ప్రత్యేకమైన పీపీ ప్రైమర్ ముందు పడల్ల.

చిన్న పగులు ఉంటే, పగులు చివర సన్న రంధ్రం వేయండి. అక్కడితో పాకడం ఆగుతుంది. ఆ తర్వాత అదే రకం ప్లాస్టిక్ పుల్లతో వెల్డింగ్ చేయించుకోవచ్చు.

చేయకూడనివి

పెట్రోల్, డీజిల్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయొద్దు. పెట్రోల్ ఏబీఎస్‌ను చిట్లిస్తుంది. పాత ఆయిల్ వానకు కారి మన పొలంలోనే పడుతుంది.

ఉడికించిన అవిసె నూనె పలచగా పూసి తుడిస్తే ఆరి పొర కడుతుంది, వంటనూనె మాదిరి జిడ్డుగా ఉండదు. కానీ ఆ నూనె బట్టలను ఉండచుట్టి మూల పడేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. గడ్డివాము పక్కన అయితే చెప్పనక్కర్లేదు. బట్టలను నీళ్లలో తడిపి, బయట విడివిడిగా పరిచి ఆరేయండి. ఇది పెద్ద మాట, మర్చిపోవద్దు.

ఇంగ మట్టి సంగతి. వాటర్ పేపర్‌తో దిగే ఆ పాల లాంటి నీళ్లు ఉత్త ప్లాస్టిక్ పొడి. నేను తొట్టిలో చేసి, ఆ నీళ్లను దట్టమైన గుడ్డలో వడకట్టి, పొడిని సీసాలో మూతపెట్టి చెత్తబండికి ఇచ్చినా. పొలం కాలువలో పోయొద్దు, కాల్చొద్దు. తెల్లబడిన మడ్‌గార్డును ఊరికే వదిలేసినా అదే పొడి రోజూ కొంచెం కొంచెం రాలుతూ ఉంటుంది. మట్టి బాగుండాలని రసాయనాలు మానుకున్నోళ్లం, దీన్ని కూడా చూసుకోవల్ల గదా.

జీవామృతం డ్రమ్ము సంగతి

డ్రమ్ములకు ఈ వైద్యం చేయొద్దు. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోల బరువు. గీకి పలచన చేస్తే పగులుతుంది. బయట తెల్లబడి, గోటితో గీస్తే పొడి రాలి, అంచులో పగుళ్లు ఉంటే ఆ డ్రమ్మును పాత సామాన్లోళ్లకు ఇచ్చేయండి. బాగున్న డ్రమ్మును మాత్రం నీడలోకి జరపండి. జీవామృతాన్ని నీడలో పెట్టి గోనెసంచి కప్పమని ఎట్లాగూ చెప్తాం. అది సూక్ష్మజీవుల కోసం, కానీ డ్రమ్ము కూడా ఎక్కువ కాలం బతుకుతుంది.

చివరి మాట

ఇంత కష్టపడి తెచ్చిన రంగును నిలిపేది పాలిష్ కాదు, నీడ. నేను ఇప్పుడు పొలంలో బండిని వేపచెట్టు కింద పెడతా. చెట్టు లేని చోట మడ్‌గార్డు మీద తడి లేని గోనెసంచి వేస్తా. పొర తీయడం మాటిమాటికీ చేసే పని కాదు, తీసిన ప్రతిసారీ మడ్‌గార్డు పలచబడుతుంది.

ఈ రోజే ఒక పని చేయండి. బండి దగ్గరికి పోయి, ముందు మడ్‌గార్డు బోల్టుల చుట్టూ తుడిచి పగులు ఉందేమో చూడండి. మెరుపు సంగతి తర్వాత.