చెవిలోంచి గదిలోకి

పాడైన రేడియోలోంచి ఊడదీసిన ఆరంగుళాల స్పీకరును మా మామయ్య టేపురికార్డరుకు తగిలించాడు. బల్ల మీద పెట్టి పాట వేస్తే రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంది. కాసేపు తల గోక్కుని, పెరట్లోంచి ఖాళీ నీళ్లకుండ తెచ్చి, దాని మూతి మీద స్పీకరును ముఖం పైకి ఉండేలా కూర్చోబెట్టాడు. అంతే. అప్పటిదాకా టిక్కుటిక్కుమంటున్న మృదంగానికి తొప్పి పక్క లేచొచ్చింది. "చూశావురా, కుండకు గొంతొచ్చింది" అన్నాడు.

నిజానికి కుండ చేసింది అడ్డుపడటమే. స్పీకరులోని కాగితపు గరాటు ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. సన్నని స్వరాలకు దీంతో పేచీ లేదు. మంద్రానికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 100 హెర్ట్జ్ నాదం అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అంత అలకు ఆరంగుళాల అంచు ఒక అడ్డా? వెనకది చుట్టూ తిరిగి ముందుకొచ్చి ముందుదాన్ని చెరిపేస్తుంది. వెనకదాన్ని కుండలో బంధిస్తే ముందుది బతికి బయటపడుతుంది. కొట్లో అమ్మే స్పీకరు పెట్టె చేసే మొదటి పనీ ఇదే. కుండ తన సొంత హుంకారం కాస్త కలిపిందనుకోండి, దానికి మామయ్య అభ్యంతరం చెప్పలేదు.

తమాషా ఏమిటంటే, గదంతా నింపే ఈ స్పీకరు పుట్టింది చెవి కోసం. ఇద్దరిలో వయసుకు హెడ్‌ఫోనే పెద్దది.

1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనకు క్లెమెంట్ ఆదెర్ అనే ఇంజనీరు ఒపేరా వేదిక అంచున టెలిఫోను మైకులు పేర్చి, రెండు కిలోమీటర్లకు పైగా తీగలు లాగాడు. జనం వరుసకట్టి, చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు పట్టుకుని విన్నారు. పాడేవాళ్లు వేదిక మీద ఇటు నుంచి అటు నడిస్తే ఆ నడక వినేవాళ్లకు తెలిసిపోయింది. ఒక రిసీవరు దించేస్తే ఆ లోతు మాయం. యాంప్లిఫయరు ఇంకా పుట్టలేదు కాబట్టి గదికి వినిపించే బలం ఆ తీగల్లో లేదు. చెవికి ఆనించుకోవడం సరదా కాదు, గత్యంతరం లేక.

1910 ప్రాంతంలో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ రెండు రిసీవర్లను తలపట్టీకి బిగించి నౌకాదళానికి పంపాడు. వాళ్లకు నచ్చి ఆర్డరిస్తే, ఒక్కసారికి పదికి మించి చేయలేనన్నాడు. ఆయన కార్ఖానా వంటిల్లు మరి.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలోని నాపా ఊళ్లో డెన్మార్క్ నుంచి వచ్చిన పీటర్ జెన్సెన్, అతని స్నేహితుడు ఎడ్విన్ ప్రిధమ్ ఇంకా మంచి టెలిఫోను రిసీవరు చేద్దామని కూర్చున్నారు. బలమైన అయస్కాంతం సందులో సన్నని తీగచుట్టను ఊగేలా అమర్చారు. చుట్టలో కరెంటు మారుతున్నకొద్దీ అది ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, దానికి అతికిన పొర గాలిని కదుపుతుంది. టెలిఫోను కంపెనీ వద్దుపొమ్మంది. అప్పుడు దానికి గ్రామఫోను బూర తగిలించారు. మైకు కలిపీ కలపగానే చెవులు చిల్లులుపడే కూత! మన పెళ్లిపందిట్లో "మైక్ టెస్టింగ్" అనగానే వచ్చే కుయ్యిమనే కూత అదే. 1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ముందు వేలాదిమందికి ఆ బూర పాట వినిపించింది. నాలుగేళ్లకు అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియాగోలో దాదాపు 50,000 మందితో మాట్లాడింది అలాంటి బూరల్లోంచే.

బూర పట్టే గది ఎంతమందికుంటుంది? 1920ల మధ్యలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ బూర పీకేసి, తీగచుట్టకు నేరుగా కాగితపు గరాటు అతికించారు. యాంప్లిఫయరుతో కలిపి పెట్టె ధర 250 డాలర్లు. ఇవాళ మీ టీవీ కింద ఉన్న స్పీకరు విప్పినా కనిపించేది దాదాపు ఆ ఏర్పాటే. హెడ్‌ఫోను విప్పినా చాలావాటిలో అదే, పిల్ల సైజులో.

మరి వినికిడిలో అంత తేడా ఎందుకు? ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు రాసినప్పుడు, ఎదురుగా రెండు స్పీకర్లున్న మనిషిని లెక్కలోకి తీసుకున్నాడు. ఎడమ స్పీకరు ధ్వని ఎడమ చెవితో ఆగదు. తల చుట్టి, కాస్త మెత్తబడి, సెకనులో వెయ్యోవంతు కూడా లేని ఆలస్యంతో కుడిచెవికీ చేరుతుంది. ఆ కలగలుపులోంచే మెదడు "గాయని అదిగో, మధ్యలో" అని తేల్చుకుంటుంది. స్టూడియోల్లో పాటలు చాలావరకు ఇలా స్పీకర్లు పెట్టుకునే సరిచూస్తారు. హెడ్‌ఫోన్లు ఆ కలగలుపును తెంచేస్తాయి. ఎడమది ఎడమకే, కుడిది కుడికే.

మొన్న ఒకే వయొలిన్ కచేరీని రెండింట్లోనూ విన్నాను. స్పీకర్లలో వయొలిన్ పుస్తకాల బీరువాకీ కిటికీకీ మధ్య కూర్చుంది. హెడ్‌ఫోన్లలో సరిగ్గా నా కనుబొమల మధ్య! కానీ కమాను తిరిగే చోట తీగ మీద గీరుడు, తంబుర జీవం, ప్రేక్షకుల్లో ఎవరిదో దగ్గు హెడ్‌ఫోన్లలోనే దొరికాయి. హాల్లో అవన్నీ ఫ్యానుకు బలి.

గది కూడా తక్కువేం తినలేదు. గోడకీ గోడకీ నాలుగు మీటర్లుంటే 43 హెర్ట్జ్ దగ్గర గాలి తనంతట తాను ఊగుతుంది. గోడ పక్కన కుర్చీ వేస్తే మంద్రం గుమ్మని ఉబ్బుతుంది, నట్టనడుమ వేస్తే నీరసిస్తుంది. పైగా కింద టైల్సు, పైన స్లాబు, నున్నటి గోడలు ఉన్న మన హాళ్లలో పాట స్టీలు బిందెలో పడ్డట్టే. వేలు పోసి స్పీకర్లు మార్చేముందు ఒక మందపాటి కర్టెనూ ఒక జంపఖానా వేసి చూడమంటాను. అయినా మంద్రస్వరం ఛాతీకి తగలడం, కాళ్ల కింద గచ్చు సన్నగా వణకడం హెడ్‌ఫోను ఇవ్వలేదు. అది కదిపేది చెవిలోని గుప్పెడైనా లేని గాలిని. అందుకే దానికి మిల్లీవాట్లు చాలు. అందుకే తెలీకుండా వాల్యూము పెంచేస్తాం కూడా. వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, 90 దగ్గరైతే 4 గంటలే అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చినప్పుడు దానికి హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు. ఒక్కడే వింటూ కూర్చోవడం మర్యాద కాదేమోనని అధినేత మొరీతా సందేహం. ఇంట్లో తాను వింటుంటే భార్య చిన్నబుచ్చుకుందట. జనానికి ఆ సందేహం లేదు, తర్వాతి మోడళ్లలో రెండో రంధ్రం మెల్లగా మాయమైంది. మా ఇంట్లోకి మొదటిసారి అలాంటి పరికరం వచ్చినరోజు నానమ్మ నా చెవులకేసి కాసేపు చూసి, "ఏరా, పాటేదీ?" అంది. హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకు పెట్టాను. ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరొచ్చారా అని.

ఇప్పుడు మా అమ్మాయి చెవుల్లో తీగల్లేని ఇయర్‌బడ్లే ఎప్పుడూ. ఆదివారం దోసెలు పోసేటప్పుడు మాత్రం అవి తీసేసి, ఫోనును స్టీలు గ్లాసులో నిలబెట్టి పాట పెడుతుంది. వంటింట్లో అందరికీ వినపడుతుంది.