మంట ఆరింది, నిప్పు ఆరిందా?

చలికాలంలో లంబసింగికో అరకుకో వెళ్ళిన విద్యార్థులు రాత్రిపూట నెగడు వేసుకోవడం మామూలే. పాటలు, కబుర్లు అయ్యేసరికి మంట తగ్గుతుంది. కట్టెలపై తెల్లని బూడిద కమ్ముతుంది. "ఆరిపోయిందిలే" అనుకుని అందరూ పడుకోవడానికి లేస్తారు. నిజంగా ఆరిందా?

కట్టెను వేడిచేస్తే ముందు అందులోని తేమ పోతుంది. తర్వాత మండే స్వభావం గల వాయువులు వెలువడతాయి. మీరు చూసే మంట ఆ వాయువులదే. అవి అయిపోయాక మిగిలేది బొగ్గు. దీనికి మంట పెద్దగా ఉండదు. ఆక్సిజన్ తగిలినంత మేరా ఉపరితలం నిదానంగా కాలుతూ ఉంటుంది. బూడిద ఉష్ణాన్ని సరిగా ప్రసరింపజేయదు కాబట్టి వేడి లోపలే నిలుస్తుంది. నివురుగప్పిన నిప్పు అంటే ఇదే. పూర్వం మన ఇళ్ళలో రాత్రి పొయ్యిలో నిప్పును బూడిదతో కప్పి, తెల్లవారాక ఊది రాజేసుకునేవారు కదా! పొయ్యిలో సౌకర్యమైనది అడవిలో ప్రమాదం. గాలికి ఆ నివురు చెదిరి, ఒక్క నిప్పురవ్వ ఎండుటాకుల్లో పడితే చాలు.

మట్టి కప్పితే సరిపోదా? పోదు. అది మరో పొర నివురు వేసినట్లే. గంటల తర్వాత కూడా దాని మీద కాలు వేస్తే బొబ్బలెక్కవచ్చు. కావలసింది నీరు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ఒక గ్రాము నీరు మరిగే స్థితికి రావడానికి 75 కేలరీలు, ఆవిరి కావడానికి మరో 540 కేలరీలు బొగ్గు నుంచి లాక్కుంటుంది. కనుక పడుకోవడానికి చాలా ముందే కట్టెలు వేయడం ఆపండి. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. సుయ్యిమనే చప్పుడు ఆగాక చేతి వెనుక వైపును బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే పని ఇంకా మిగిలినట్లే. అందుకే అగ్గిపుల్ల గీయకముందే బకెట్ నిండా నీళ్ళు పక్కన ఉండాలి.

చోటు విషయం. చుట్టూ ఆకులు, గడ్డి ఊడ్చేయండి. పైన కొమ్మలు ఉండకూడదు. వాగులోని తడిరాళ్ళు పేర్చకండి. లోపలి నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగరవచ్చు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవికి ముప్పు వాటిల్లేలా నిప్పు రాజేయడమే కాదు, రాజేసి వదిలేయడమూ నేరమే. అనుమతి లేనిచోట ఆ ఆలోచనే వద్దు.

ఇక చలికి తట్టుకోలేక నిప్పులకుంపటిని గుడారంలోకి తెచ్చుకునేవారున్నారు. బొగ్గు నుంచి రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారికి తెలివి తప్పుతున్నట్లే తెలియదు. గుడారం తలుపు కాస్త తెరిచి ఉంచినంత మాత్రాన భరోసా లేదు. కుంపటి బయటే ఉండాలి. చలి వేస్తే రెండో దుప్పటి కప్పుకోండి.