గీజరు వేసినా నీళ్లు కాగకపోతే...



మార్కాపురం అనగానే బయటివాళ్లకు పలకలు గుర్తొస్తాయి. ఇక్కడ సంసారం చేసే ఆడవాళ్లకు మాత్రం బోరునీళ్లే గుర్తొస్తాయి. కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. సబ్బు నురగ రాదు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. గిద్దలూరు వైపు కూడా చాలా ఇళ్లలో ఇదే వరస. గిన్నెలో కంటికి కనబడే ఆ పొరే గీజరులో కనబడకుండా పేరుకుంటుంది. చలికాలం వచ్చేసరికి, "స్విచ్చి వేసి అరగంటయింది, నీళ్లు చూస్తే చల్లగానే ఉన్నాయి" అని విసుక్కుంటాం.

కారణం కష్టమైనదేమీ కాదు. బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కినప్పుడు వాటిలో కొంత భాగం విడిపోయి, సున్నంలా గట్టిపడి ఎలిమెంటుకు అంటుకుంటుంది. దీన్నే మనం ఉప్పు పట్టడం అంటాం. ఎలిమెంటుకు కంబళి కప్పినట్టే అనుకోండి. వేడి నీళ్లలోకి సులువుగా పోలేక, ఎలిమెంటు మితిమీరి కాలి చివరికి తెగిపోతుంది.

ముందు గడియారం చూడండి. 2 కిలోవాట్ల గీజరు 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగినా కాగలేదంటే, మెకానిక్కుకు కబురు పెట్టేలోగా ఈ గుర్తులు గమనించండి.

దీపం అసలు వెలగడం లేదా? ఫ్యూజు పోయిందో, ట్రిప్పు స్విచ్చి పడిందో చూడండి. స్విచ్చి ఒకసారి ఎత్తాక మళ్లీ పడితే ఇక ముట్టుకోవద్దు. లోపల ఎలిమెంటు పగిలి, నీళ్లకు కరెంటు తగులుతూ ఉండవచ్చు.

దీపం వెలుగుతూనే ఉన్నా నీళ్లు చల్లగానే ఉన్నాయా? ఎలిమెంటు తెగిపోయి ఉంటుంది.

దీపం అయిదారు నిమిషాలకే ఆరిపోయి, నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయా? పేరుకున్న ఉప్పు వేడెక్కి, పక్కనున్న థర్మోస్టాటును మోసం చేస్తోందన్నమాట. నీళ్లన్నీ కాగాయనుకుని అది కరెంటు ఆపేస్తుంది. థర్మోస్టాటే చెడిపోయినా ఇలాగే అవుతుంది.

లోపల చిటపటమని చప్పుడు వస్తోందా? అది ఉప్పు పట్టిన గుర్తు.

నీళ్లు వేడిగానే ఉండి ధార సన్నగా వస్తోందా? షవరు చిల్లులు పూడి ఉంటాయి. ఈ పని మనమే చేసుకోవచ్చు. షవరు విప్పి, వెనిగరూ నీళ్లూ సమంగా కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పాత బ్రష్షుతో రుద్దండి. గీజరు మూత మాత్రం మనం విప్పకూడదు.

కాగేటప్పుడు గీజరు పక్కనున్న చిన్న వాల్వు నుంచి చుక్క చుక్కగా నీళ్లు కారితే కంగారు పడకండి. వేడికి వ్యాకోచించిన నీటికి అదే దారి. కారుతోంది కదా అని దానికి గుడ్డ కుక్కడం, బిరడా పెట్టడం చేయకండి. లోపల ఒత్తిడి పెరిగితే టాంకీయే పగలవచ్చు.

కుళాయి ముట్టుకుంటే జిల్లుమందా? "చిన్న షాకేలే" అనుకోవద్దు. వెంటనే మెయిన్ ఆపేయించండి. ఎర్తు సరిచూసేదాకా పిల్లల్ని ఆ స్నానాలగదిలోకి పంపకండి. తడి ఒంటికి చిన్న షాకు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక జాగ్రత్తలంటారా, ఏటా కార్తీకంలోపే మెకానిక్కుచేత ఎలిమెంటు విప్పించి, ఉప్పు గీకించి, తుప్పు పట్టకుండా టాంకీని కాపాడే మెగ్నీషియం కడ్డీని కూడా చూపించండి. థర్మోస్టాటును 55 డిగ్రీల దగ్గరే ఉంచండి. వేడి ఎక్కువైనకొద్దీ ఉప్పు కూడా ఎక్కువగా దిగుతుంది. మన దగ్గర నీళ్ల ఎద్దడి రోజులు ఎక్కువ కనుక, మేడమీది తొట్టిలో నీళ్లున్నాయో లేవో చూసుకున్నాకే స్విచ్చి వేయండి. నీళ్లు లేని గీజరులో ఎలిమెంటు నిమిషాల్లో మాడిపోతుంది.

మెకానిక్కు రాగానే "పాడైంది" అని ఊరుకోక, దీపం ఎంతసేపు వెలిగిందో, ఏం చప్పుడు వచ్చిందో చెప్పండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది.