మన పాట.. మన పుస్తకం.. మన ఖర్చు!

సినిమాలో ఛాన్సు రాలేదు. పేరున్న ప్రచురణ సంస్థ తలుపు తీయలేదు. అయినా నందిగామ, జగ్గయ్యపేట వైపు పాట కట్టేవాళ్లూ ఆగలేదు, పుస్తకం వేసేవాళ్లూ ఆగలేదు. సొంత డబ్బుతో, సొంత గదిలో, సొంత పేరుతో నడిచే ఈ వ్యవహారంలో కష్టనష్టాల లెక్క ఇదీ..

ఐదొందల కాపీలు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే తెలుగు రచయితకు ఈ అంకెతో ఉన్నంత అనుబంధం ఇంకే అంకెతోనూ ఉండదు. వెయ్యి వేస్తే మంచం కింద చోటు చాలదు. రెండొందలు వేస్తే కాపీకి పడే ఖర్చు పెరిగిపోతుంది. అందుకని మధ్యేమార్గంగా ఐదొందలు. ఆవిష్కరణ సభలో కొన్ని, చుట్టాలకూ స్నేహితులకూ కొన్ని, 'తప్పకుండా అభిప్రాయం రాస్తాను' అన్న పెద్దలకు కొన్ని.. ఇలా సంతకం పెట్టి ఇచ్చేవి ఇస్తూపోతే, అమ్మకానికి మిగిలేవి ఎన్నన్నది ఆ ఇంటి ఇల్లాలికే బాగా తెలుస్తుంది. అటక మీద దుమ్ము దులిపేది ఆవిడే కదా!

అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు వెళ్తుంటే ముందు నందిగామ వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్లి చిల్లకల్లు దగ్గర పక్కకు తిరిగితే జగ్గయ్యపేట. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా అయినా, జనం నోట్లో మాత్రం ఇంకా 'కృష్ణా జిల్లా మెట్ట'నే. పత్తి, మిర్చి, సిమెంటు ఫ్యాక్టరీలు. గరికపాడు దాటితే తెలంగాణ. ఇటు మునేరు, అటు పాలేరు. సాహిత్యం, సంగీతం అనగానే అందరికీ విజయవాడో, తెనాలో, బందరో గుర్తొస్తాయి గానీ ఈ వైపు ఎవరూ చూడరు. అలా చూడకపోవడం వల్లే ఇక్కడివాళ్లకు తమ పని తాము చేసుకోవడం అలవాటైంది.

ముందుమాటలు మూడు.. ఫారాలు ఐదు!

కవిత్వమో కథలో వేసుకునేవాళ్లలో బడిపంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన గుమాస్తాలు ఎక్కువ. వీళ్లలో ఎవరిని కదిలించినా ముందు దొర్లేది కవిత్వం గురించి కాదు, ఫారాల గురించే. డెమీ సైజులో పదహారు పేజీలు ఒక ఫారం. ఎనభై పేజీల పుస్తకమంటే ఐదు ఫారాలు. ఎనభై నాలుగు పేజీలైతే ఆ నాలుగు పేజీల కోసం మళ్లీ కొంత కాగితం, కొంత కూలీ. అందుకే చాలా పుస్తకాల్లో చివరి కవిత ఉందా లేదా అన్నది కవి ఇష్టం మీద కాకుండా ప్రెస్సువాడి లెక్క మీద తేలుతుంది. ముందుమాటలు మాత్రం ఎవరూ తగ్గించరు. ఒకరు చాలని చోట ముగ్గురితో రాయిస్తారు. నలభై కవితల పుస్తకానికి పద్నాలుగు పేజీల పీఠికలెందుకో పాఠకుడికి మాత్రం అర్థం కాదు.

ఇప్పుడు డిజిటల్ ముద్రణ వచ్చాక యాభై కాపీలైనా వేయించుకోవచ్చు. అయిపోతే మరో యాభై. కాపీకి పడే ఖర్చు ఆఫ్‌సెట్ కన్నా ఎక్కువే, కానీ అటక ఖాళీగా ఉంటుంది. చిక్కల్లా ఇంకోచోట ఉంది. ఊళ్లో డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి తెలుగు కొట్టింది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. పదేళ్ల కిందటి పుస్తకాన్ని ఈ-బుక్ చేద్దామని ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లున్నా ఒత్తులు, సున్నాలు అక్కడక్కడా తేడా కొడతాయి. మళ్లీ మొదటి నుంచీ ప్రూఫు దిద్దుకోవాల్సిందే. అసలు ఆ ఫైలు దాచిన కంప్యూటరే పోయినవాళ్ల మాటేమిటి? వాళ్లకు మిగిలింది అచ్చు కాపీ ఒక్కటే. దాన్ని చూసి మళ్లీ టైపు చేయించుకోవాలి.

అమ్మకం సంగతికొస్తే, దుకాణంలో పెట్టమంటే ధరలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి కమీషన్ కింద పోతుంది. వాళ్ల అద్దెలు, జీతాలు వాళ్లవి. తప్పు పట్టలేం. ఇక మిగిలింది 1989లో మొదలై ఏటా జనవరి తొలి రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం. నందిగామ నుంచి బస్సెక్కితే గంటన్నర లోపు ప్రయాణం. సంచీలో పాతిక కాపీలు పట్టుకుని వెళ్లి, తెలిసిన స్టాలులో ఓ మూల పెట్టించి, సాయంత్రం దాకా ఆ మూలనే చూస్తూ నిలబడే రచయితల్ని అక్కడ ప్రతి ఏడాదీ చూడొచ్చు.

ఈ నిరీక్షణ ఇప్పటిది కాదు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' కవితలు చాలావరకు 1930ల్లో రాసినవి. చలం దానికి 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకంగా అచ్చయ్యింది 1950లో, అదీ నళినీకుమార్ అనే సాహిత్యాభిమాని పూనుకుంటే! అంతటి పుస్తకానికే ముందుమాట వచ్చాక పదేళ్లు పట్టింది.

పేరు చెక్కుకున్న శిల్పి

జగ్గయ్యపేటకు సొంత పేరుతో పని చేయడం కొత్తేమీ కాదు. ఊరి పక్కనున్న ధనంబోడు గుట్ట మీద బౌద్ధ స్తూపం ఆనవాళ్లున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ పరిశోధన చేశాడు. అక్కడ దొరికిన శాసనాల్లో ఉన్నది రాజుగారి గొప్ప కాదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని ఆ రాతల సారాంశం. తన ఊరేదో, తన కుటుంబంలో ఎవరెవరున్నారో కూడా రాయించుకున్నాడు. అప్పటికే తన పని మీద తన పేరు వేసుకున్న కళాకారుడన్నమాట!

ఫ్యాను ఆపండి.. రికార్డింగు!

పాటవాళ్ల కథ ఇంకో రకం. ఒకప్పుడు క్యాసెట్ తేవాలంటే విజయవాడో హైదరాబాదో వెళ్లి స్టూడియో అద్దెకు తీసుకోవాలి. గంటకింత. తబలా, కీబోర్డు, కోరస్ అందరికీ భోజనాలు. ఇప్పుడు ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఓ కండెన్సర్ మైకు ఉంటే పడగ్గదే స్టూడియో. గోడలకు దుప్పట్లు, కిటికీకి పరుపు. ఫ్యాను ఆపేయాలి. ఏప్రిల్ నెలలో జగ్గయ్యపేటలో ఫ్యాను లేకుండా ఒక చరణం పాడటమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. హైవే మీద లారీ హారన్లు తగ్గేదాకా ఆగి అర్ధరాత్రి పాడేవాళ్లున్నారు. పల్లవి బాగా కుదిరిందనుకునేలోపు వీధి చివర కుక్క మొరుగుతుంది. మళ్లీ మొదలు!

వీళ్లు ఎక్కణ్నుంచి వస్తారంటారా? పెళ్లి ఆర్కెస్ట్రాల నుంచి, భజన మండళ్ల నుంచి, చర్చి క్వయర్ల నుంచి. ఆదివారం ప్రార్థనలో కీబోర్డు వాయించే కుర్రాడే శనివారం రాత్రి పెళ్లిలో సినిమా పాటలకు వాయిస్తాడు. అతడే తిరునాళ్ల వస్తోందంటే అమ్మవారి పాటకు ట్రాకు చేస్తాడు.

ఈ ప్రాంతంలో అమ్మవారంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మే. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ల, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ల. అమ్మవారి విగ్రహాలకు రంగులు వేయాల్సి వస్తే ఊరేగింపుగా తీసుకెళ్లేది జగ్గయ్యపేటకే. అనిగండ్లపాడు పుట్టిల్లు, పెనుగంచిప్రోలు అత్తిల్లు, గోపయ్యతో కాపురం, అత్తింటి ఆరళ్లు.. ఆ కథ ఇక్కడి ఆడవాళ్లు సొంత ఆడపడుచు కథలా చెప్పుకుంటారు. 1963లో ఎన్టీఆర్‌తో 'శ్రీ తిరుపతమ్మ కథ' సినిమా కూడా వచ్చింది. తిరునాళ్ల సమయానికి ఒక కొత్త పాట విడుదల చేయాలన్న తపన ఈ చుట్టుపక్కల పాటగాళ్లకు ఉండటం సహజమే. బండ్ల మీద క్యాసెట్లు, సీడీలు అమ్మిన రోజులు పోయి, ఇప్పుడంతా యూట్యూబ్ లింకులే.

అక్కడ డబ్బులొస్తాయా? రావచ్చు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉంటేనే యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా ఇస్తుంది. నాలుగు నిమిషాల పాటతో నాలుగు వేల గంటలంటే, దాన్ని చివరిదాకా అరవై వేల సార్లు చూడాలి. అందుకే ఓపిక పట్టలేనివాళ్లు పాటను ఎంతోకొంతకు పెద్ద ఛానల్‌కు ఇచ్చేస్తారు. కాగితం మీద సంతకం పెడతారు. ఆ తర్వాత పాట లక్షల మంది విన్నా, కట్టినవాడు కూడా ఆ లక్షల్లో ఒకడే!

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సినిమాలోనో ఆడియో రికార్డులోనో చేరిన పాట వాడకం మీద రావాల్సిన రాయల్టీ హక్కును రచయితగానీ స్వరకర్తగానీ పూర్తిగా వదులుకోవడానికి వీల్లేదు. వదులుకున్నట్టు రాసిచ్చినా చెల్లదు. పాట సాహిత్యాన్నో, బాణీనో కాపీరైట్ కార్యాలయంలో నమోదు చేయించడానికి ఫీజు ఒక్కోదానికీ ఐదొందల రూపాయలు, ఆడియో రికార్డింగుకైతే రెండు వేలు. నమోదు తప్పనిసరి కాదు. కానీ రేపు గొడవొస్తే అక్కరకొస్తుంది. దుప్పట్లు, పరుపులతో స్టూడియో కట్టినవాళ్లు ఈ ఐదొందల దగ్గర ఎందుకు వెనకాడతారో తెలీదు.

ఆ పాట ఎవరిది?

అసలు చిక్కు జానపదాల దగ్గర వస్తుంది. మిరప కోతలప్పుడు, నాట్లప్పుడు కూలి తల్లులు పాడుకునే పాటలు ఈ మెట్టలో తరాలుగా ఉన్నాయి. సరిహద్దు ఊళ్లు కాబట్టి ఖమ్మం, నల్గొండ మాటలూ వాటిలో కలిసి ఉంటాయి. ఇప్పుడు చేలో గొంతు కన్నా ఫోనే ఎక్కువ పాడుతోంది. పాట తెలిసిన ముసలమ్మలు తగ్గిపోతున్నారు. అలాంటి ఓ అమ్మ దగ్గర పాట నేర్చుకుని, కాస్త వేగం పెంచి, డప్పు దరువు వేసి రికార్డు చేస్తే కొత్త పాట సిద్ధం. మరి 'రచన' అన్న చోట ఎవరి పేరు వేయాలి? కుర్రాడు తన పేరే వేసుకుంటే, నేర్పిన అమ్మ ఎక్కడ?

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు ఇదే ప్రశ్న టీవీ చర్చలదాకా వెళ్లింది. సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లీ పాడిన ఆ పాటకు మూలం జానపదమే. అంతకుముందు దాన్ని టీవీ వేదిక మీద వినిపించిన గాయని తన గుర్తింపు ఏదని అడిగింది. సినిమా స్థాయిలో కాబట్టి చర్చ జరిగింది. పల్లెటూరి ఛానళ్లలో రోజూ జరిగేవాటిని అడిగేవారెవరు?

ఇందులో ఇంకో మెలిక. ఒక జానపదాన్ని ఎవరో రికార్డు చేసి యూట్యూబ్‌లో హక్కుదారుగా నమోదు చేసుకుంటే, అదే బాణీలో మరొకరు పాడినప్పుడు కంప్యూటర్ దాన్ని కాపీగా లెక్కగట్టే అవకాశముంది. అమ్మ పాడిన పాటను మనవరాలు పాడితే 'ఇది మీది కాదు' అని నోటీసు రావచ్చన్నమాట! అభ్యంతరం చెప్పుకునే వీలు ఉంది, కానీ ఆ ఫారాలు నింపే ఓపిక ఎంతమందికి?

మంచి దారీ లేకపోలేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్‌ జీవితం అలాగే పుస్తకమైంది. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆయన తన కథ తాను చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి రాశారు. 'పింజారి' పేరుతో వచ్చిన ఆ పుస్తకంలో చెప్పినవారి పేరూ ఉంది, రాసినవారి పేరూ ఉంది. ఒక పేరు కింద ఇంకో పేరు అణిగిపోలేదు. పాట కింద 'పాడి నేర్పినవారు' అని ఇంకో వరుస వేయడానికి యూట్యూబ్‌లో చోటుకేం కరువు లేదు.

పాట, పుస్తకం వేర్వేరనుకునే రోజులు కూడా పోయాయి. గజ్జె కట్టి పాడే గోరటి వెంకన్నకు 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 'వల్లంకి తాళం' పుస్తకానికే. ఆ తర్వాత పాట కట్టేవాళ్లు ఫోను నుంచి నోటుబుక్కు వైపు కూడా చూస్తున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇరవై రూపాయల పోస్టు

పుస్తకం వేసేవాళ్లకు చిన్న చిన్న ఊరటలున్నాయి. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. ఐఎస్‌బీఎన్ నంబరు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. నంబరు ఇప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్లతో జాగ్రత్త! 1954 నాటి చట్టం ప్రకారం, అచ్చయిన ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో పాటు ముంబయి, ఢిల్లీల్లోని గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ పంపాలి. చాలామంది పంపరు. పంపితే మాత్రం నందిగామలో అచ్చయిన ఎనభై పేజీలు కోల్‌కతాలో భద్రంగా ఉంటాయి. ఇంట్లో చెదలు పట్టినా సరే.

పోస్టు ఖర్చు మాత్రం ఈమధ్య కొంత కంగారు పెట్టింది. రచయితలకు ఎంతో కాలంగా ఆసరాగా ఉన్న రిజిస్టర్డ్ పుస్తకాల పార్శిల్ సదుపాయాన్ని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' తెచ్చింది. మూడొందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోలకు వంద, పన్నులు అదనం. పుస్తకం మీద ముద్రాపకులదో ప్రచురణకర్తదో పేరు ఉండాలి. సొంతంగా వేసుకున్నవాళ్లకు ఆ పేరు తమదే!

ఇన్ని లెక్కలు చెప్పుకున్నాక, కొత్త పుస్తకం మాటెత్తిన ప్రతి ఇంట్లోనూ సంభాషణ దాదాపు ఒకలాగే ఉంటుంది.

"ఈసారి ఎన్ని వేయిస్తున్నారు?"

"రెండొందలే."

"పోయినసారివి ఇంకా ఉన్నాయి కదండీ అటక మీద!"

"అవి కవితలే. ఇవి కథలు."