శోధన – సమ్మతి

తెలుగు బైబిలున దుష్ప్రేరణకు 'శోధన' యని పేరు. శోధన కలుగుట పాపము కాదు. దానికి సమ్మతించుట పాపము. యేసు సైతము అరణ్యమున 40 దినములు శోధింపబడెను గదా!

మరి మనస్సు ఏల సమ్మతించును? ఉత్తరాఫ్రికావాసియగు అగస్టీను (354–430) పదునారవ యేట చెలికాండ్రతో గూడి పొరుగుతోటలో బేరిపండ్లు దొంగిలించెను. ఆకలిచే గాదు, అంతకన్న మేలైన పండ్లే తనకుండెను. నిషిద్ధమగుటయే రుచి యైనదనియు, ఒంటరిగా నున్నచో ఆ పని చేయకుందుననియు ఆయన తన ఆత్మకథలో వ్రాసెను. తలిదండ్రులు ఈ రెండవ మాటను ముఖ్యముగా గమనింపవలెను.

మానవుని సంకల్పబలమే చాలునని పెలాగియసు వాదింపగా, సంకల్పమే రోగగ్రస్తమనియు, దైవకృపయే దానికి ఔషధమనియు అగస్టీను బదులు చెప్పెను. అట్లైన మందలింపేల యని సన్న్యాసులలో ప్రశ్న పుట్టెను. 426–427 ప్రాంతమున వారికై ఆయన వేరొక గ్రంథమే వ్రాసి, మందలింపును వలయునని నిరూపించెను.