రాతి పొరల్లో బల్లులు, పాములు

మన హాస్టల్ గోడల మీద బల్లి కనిపించని రోజు ఉండదు. అది చనిపోతే చీమలు రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. మరి కోట్ల ఏళ్ల నాటి బల్లి రాతిలో ఎలా మిగిలింది?

జర్మనీలోని జోల్న్‌హోఫెన్ ప్రాంతంలో 15 కోట్ల ఏళ్ల క్రితం లాగూన్లు ఉండేవి. లాగూన్ అంటే సముద్రం పక్కనే విడిగా ఉండే, మన పులికాట్ వంటి లోతు తక్కువ సరస్సు. ఎండకు ఉప్పెక్కిన బరువైన నీరు అడుగున చేరింది. అక్కడ ఆక్సిజన్ లేదు, శవాన్ని తినే జీవులూ లేవు. దీవుల నుండి కొట్టుకొచ్చిన బల్లులను మెత్తని సున్నపు బురద కప్పేసింది. అదే రాయి అయింది.

అక్కడి కాంప్సోగ్నాథస్ అనే చిన్న డైనోసార్ పొట్టలో ఎముకలున్నాయి. 1881లో మార్ష్ అది పిండమన్నారు. 1903లో నోప్చా అది మింగిన బల్లి అన్నారు. 2017లో ఆ బల్లిని కొత్త జాతిగా గుర్తించి పేరు పెట్టారు. ఎముకలు అవే, పరిశీలన మాత్రం ఆగలేదు.

ఇటలీలోని బోల్కా సున్నపురాతిలో దాదాపు 5 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు పాము ఆర్కియోఫిస్ దొరికింది. దాని వెన్నులో 500కు పైగా పూసలున్నాయి.

మన తెలంగాణలో కోటా రాతిపొరలున్నాయి. ఇవి లాగూన్‌వి కావు, మంచినీటివి. వీటిలో దొరికిన చిన్న దవడలను బల్లివిగా వర్ణించి, 2002లో భారతగామా రెబ్బనెన్సిస్ అని పేరు పెట్టారు. అందులో ఉన్నది మన రెబ్బెన పేరే!

మిత్రులారా, సెలవుల్లో ఊరెళ్లినప్పుడు వింత రాయి కనిపిస్తే పగలగొట్టకండి. దొరికిన చోటు రాసిపెట్టుకుని సైన్సు మాస్టారికి చూపిద్దాం.