సీసాలో పడిన వాన



కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పుట్టినవారికి మబ్బు చూడడం ఎవరూ నేర్పనక్కరలేదు. మృగశిర కార్తె వచ్చిందంటే ముసలివారు మొదలు చంటిబిడ్డల తల్లుల వరకు అందరమూ ఆకాశమే చూస్తాము. అయితే చూడడం వేరు, కొలవడం వేరు. ఆ తేడా మాకు తెలిపినది మా సండేస్కూలు పిల్లలే.

1993లో మన దేశములో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలయింది. పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసికొని, తామే పరిశీలించి, కనుగొన్న దానిని జిల్లా స్థాయిలో వివరించాలి. నెగ్గినవారు రాష్ట్రానికి, ఆపైన దేశస్థాయికి పోతారు. 2014, 2015 సంవత్సరాలకు ఇచ్చిన అంశము వాతావరణమును అర్థము చేసికొనుట. ఆ 2014లో మా పిల్లలు కొందరు జట్టు కట్టి సాయము అడిగారు. సరేనన్నాము గాని, నిజానికి వారితో కూడ మేమూ నేర్చుకొన్నాము.

వానమాపకము కొనడానికి డబ్బు లేదు. ఖాళీ కూల్‌డ్రింకు సీసా మెడ కోసి, దానినే తలక్రిందులుగా గరాటువలె పెట్టారు. అడుగు సమముగా ఉండదు గనుక గులకరాళ్లు వేసి, గీత వరకు నీళ్లు పోసి, అక్కడ సున్నా పెట్టారు. ప్రక్కన స్కేలు అంటించారు. మొదట దానిని చర్చి ఆవరణలో వేపచెట్టు క్రింద పెట్టించినది మేమే! కొమ్మలు కొంత వాన అడ్డుకొంటాయి, ఆకులనుండి తరువాత చుక్కలు కారుతాయి. ఆ లెక్క దేనికీ పనికిరాదు. చెట్టు ఎత్తుకు రెండింతల దూరములో పెట్టాలని వారి సైన్సు మాస్టారు చెప్పిన తరువాత మార్చాము. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖవారు వాన కొలిచే వేళకే, ఉదయము 8.30కు, పిల్లలు లెక్క వ్రాసేవారు.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలకు ఒక లీటరు నీరు. ఎకరాకు నాలుగువేల లీటర్ల పైమాట. ఇది విని మా సంఘపెద్దలు నమ్మక, కాగితము తెప్పించి తామే హెచ్చవేసి చూచుకొన్నారు.

లూకా సువార్త 12వ అధ్యాయములో, పడమట మబ్బు లేస్తే వాన వస్తుందని జనులు చెప్పుకొనే సంగతి ఉన్నది గదా. మనమూ పడమరే చూడాలా అని ఒక పాప అడిగింది. వారికి సముద్రము పడమట ఉంది. మనకు జూన్ నుండి వీచే నైరుతి గాలి పడమటి కనుమలమీదనే చాలావరకు కురిసి, ఎండిన గాలిగా ఇటు వస్తుంది. అక్టోబరు తరువాత బంగాళాఖాతమువైపు చూడాలి. ఆ వానలో కర్నూలుకంటె కడపకే వాటా ఎక్కువ. ఆ దిక్కును తేలికగా తీసికోరాదు. 2021 నవంబరులో అటువైపునుండి వచ్చిన వానలకే చెయ్యేరు పొంగి, 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఊళ్లు కొట్టుకుపోయాయి.

ఇక అసలు సంగతి. జట్టులోని ఒక అబ్బాయి ఇంట్లో అంతకు ముందు ఏడు తొలి జల్లుకే వేరుశనగ విత్తారు. పైమట్టి తడిసింది గాని లోపల పదును లేదు. విత్తనము మాడిపోయింది, కాయలు కొన్న అప్పు మాత్రము మిగిలింది. అందుచేత ఆ అబ్బాయి వాన పడిన ప్రతిసారీ సీసా లెక్కతోపాటు చేనిలో గుంట తీసి, తడి ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలుతో కొలిచి వ్రాశాడు. రెండవ సీసా ఊరికి రెండు కిలోమీటర్ల అవతల చేనిలో పెట్టారు. ఊరిలో సీసా సగము నిండిన రోజున అక్కడ నీరు గీత దాటి సరిగా పెరగనే లేదు. ఉరుముల మబ్బు అడ్డము కొద్ది కిలోమీటర్లే ఉంటుంది. దాని క్రింద ఉన్నవాడికే వాన. మండలములో నమోదయిన వాన తన చేనిలో పడలేదని రైతు అంటే అబద్ధమనుకోకూడదు.

ఆ అబ్బాయి జేజినాయన మొదట్లో, “మబ్బును సీసాలో పడ్తారంట!” అని నవ్వేవాడు. జూలైలో మంచి జల్లు పడిన మరునాడు ఊరంతా గొర్రులు కట్టారు. ఆయన మాత్రము గొర్రు దింపకుండా అరుగు మీద కూర్చొని, “ఏంరా అబ్బీ, నీ సీసా ఏమంటాంది?” అన్నాడు. తడి నాలుగు అంగుళాలే దిగిందని చెప్పాడు మనవడు. ఆయన లేచి చేనికి వెళ్లి, తన చేతితోనే మట్టి తీసి పిడికిట పట్టి చూచుకొన్నాడు. ఉండ నిలువలేదు. ఆ రోజు విత్తలేదు.

ఆ జట్టు జిల్లాను దాటలేదు. సీసా మాత్రము కొయ్యమీదనే ఉంది. ఎండకు పెళుసెక్కినప్పుడల్లా క్రొత్తది మారుస్తున్నాము.